పెరట్లో పుట్టిన పడవ

నా మొదటి ఉద్యోగం సముద్రం ఒడ్డున. డెబ్బయ్యో దశకం చివర్లో, ట్రైనింగు పూర్తయిన మరుసటి జూన్‌లో, అంతర్వేదికి ఇవతల ఉన్న ఒక చేపలవాళ్ల పల్లెకు నన్ను టీచరుగా వేశారు. ఒకటే గది, ఒకటే టీచరు ఉన్న బడి. మా ఊరు రాజోలు దగ్గర. నాన్నగారు మిషన్ బడిలో పనిచేసేవారు. నన్ను దింపడానికి ఆయనే వచ్చారు. బస్సు దిగి కాలవ గట్టు వెంట, ఆ తర్వాత సరుగుడు తోటల్లోంచి చాలా దూరం నడిచాం. ట్రంకుపెట్టె కూలీ నెత్తిన, పరుపుచుట్ట నాన్నగారి భుజాన. దారిపొడవునా ఆయన నాకు ఏదో ఒక జాగ్రత్త చెబుతూనే ఉన్నారు. సరుగుడు తోట దాటగానే మాట ఆపేశారు. ఎదురుగా సముద్రం. ఇద్దరం కాసేపు అలాగే నిలబడి చూశాం.

ఆ పల్లెలో అన్నీ తాటాకు ఇళ్లే. పెంకుటిల్లు ఒక్కటే ఉంటే అందులో పక్కగది నాకు ఇచ్చారు. ఇంటావిడను ఊరంతా మామ్మగారు అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ కొడుకు, కోడలు, ఆవిడ, అంతే ఇంట్లో. కొడుకును అన్నగారనీ, కోడల్ని వదినగారనీ పిలవడం రెండో వారానికే అలవాటైపోయింది. వదినగారు నాకంటే ఒకటి రెండేళ్లు పెద్ద ఉంటారేమో. ఆవిడ మాత్రం నన్ను పంతులమ్మగారు అనడం చివరిదాకా మానలేదు.

అక్కడ చప్పుడు లేని క్షణం ఉండదు. మొదట్లో అది సముద్రమో, కొబ్బరాకుల్లో గాలో, సరుగుడు తోపో తెలిసేది కాదు. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే ఆ పాటంతా ఆ హోరులోకి వెళ్లి కలిసిపోయేది. తర్వాత తర్వాత అది వినపడ్డం మానేసింది. శనివారం సాయంత్రం మా ఊరు వెళితే అక్కడి నిశ్శబ్దం చెవులకు కొత్తగా, ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉండేది.

నేను వెళ్లిన రోజునే పెరట్లో పడవను చూశాను. చూశానంటే, అప్పటికింకా దానికి ఒళ్లు రాలేదు, ఎముకలే ఉన్నాయి. కొబ్బరిచెట్ల మధ్య ఇసుకలో దుంగల మీద పొడవాటి అడుగుమాను, దాని మీద వంపు తిరిగిన కర్రలు. అంతకు ముందటి ఏడు గాలివానలో వీళ్ల పాత పడవ గట్టుకు కొట్టుకుని విరిగిపోయింది. అప్పట్నించీ అన్నగారు వేరేవాళ్ల పడవ మీద వేటకు వెళుతూ, తీరిక దొరికినప్పుడల్లా కొత్తది కట్టించుకుంటున్నారు. కలప గోదావరి మీద తేలుకుంటూ వచ్చిందట. దుంగల్ని తాళ్లతో కట్టి, వాటి మీదే వండుకుని తింటూ, మనుషులు నది వెంట దిగి వచ్చారని మామ్మగారు చెప్పేవారు. పడవ కట్టే మేస్త్రి ముసలాయన, నది అవతల నరసాపురం వైపు మనిషి. ఆయన నాలుగు రోజులు వస్తే పది రోజులు వచ్చేవాడు కాదు. కాబట్టి ఆ పడవ ఏ తొందరా లేకుండా, చెట్టు పెరిగినట్టు పెరిగింది.

వానాకాలమంతా దానికి పలకలు ఎక్కాయి. నేను బడినించి వచ్చి, కాళ్లు కడుక్కుని, పెరటి అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. కొత్త కలప వాసన, వానకు తడిసిన రంపంపొట్టు వాసన. మేస్త్రి పలక కింద నిప్పు సెగ పెట్టి నీళ్లు చిలకరిస్తూ మెల్లగా వంచేవాడు. అంత గట్టి చెక్క అరటాకులాగా వంగడం చూస్తుంటే నాకు కళ్లు బరువెక్కి, కూర్చున్నచోటే నిద్ర వచ్చేది.

కార్తీకంలో సందులు పూడ్చే పని మొదలైంది. పలకకూ పలకకూ మధ్య నూలు పేలికలు దట్టించి, గుగ్గిలం, చేపనూనె కలిపి కాచి పైన పూయాలి. ఆ పని ఆడవాళ్లది. నేనూ కూర్చున్నాను. మామ్మగారు నావైపు చూసి, "మీ చేతులు పాడైపోతాయండి," అన్నారు. "పోనీండి మామ్మగారూ," అన్నాను. పడవ పొట్ట కింద ఇసకలో కాళ్లు చాపుకుని నేనూ వదినగారూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. పైన చెక్క, పక్కన చెక్క, సందుల్లోంచి సన్నగా పడే ఎండ. అక్కడ ఆవిడ తన సంగతులు చెప్పేవారు.

వదినగారిది ఓడలరేవు వైపు. తల్లి చిన్నప్పుడే పోతే, తండ్రి ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక తెప్ప మీద తనతో పాటు సముద్రం మీదకి తీసుకుపోయేవాడట.

"మా నాన్న వల లాగుతుంటే నేను తెప్ప మీద పడుకునేదాన్నండి. నా వీపు కింద నీళ్లు కదులుతా ఉండేవి. ఎంత నిద్ర పట్టేదో," అన్నారు ఒకరోజు.

"మరి తర్వాత?"

"పెద్దమనిషినయ్యేక ఆపేసేరండి. ఆడపిల్ల సముద్రం మీదకి పోకూడదన్నారు."

ఆ మాట ఆవిడ కష్టంగా ఏమీ అనలేదు. సందులో పేలిక దట్టిస్తూ, వానలు తగ్గాయని చెప్పినట్టు చెప్పారు.

ఆ రోజుల్లో నా చీరలన్నీ చేపనూనె వాసన వేసేవి. మా ఊరు వెళితే అమ్మ నా బట్టలు విడిగా దండెం మీద ఆరేసి, వాటికేసి చూసి నవ్వుకునేది.

పుష్యం మొదట్లో పడవ సిద్ధమైంది. ఎప్పుడు దింపాలో పోటు చూసి నిర్ణయించారు. ఆ రోజు బడికి సెలవు ఇవ్వకపోయినా వచ్చే పిల్లలు లేరు కనుక నేనూ వెళ్లాను. అసలు చిక్కు అప్పుడే తెలిసింది. పెరట్లోంచి సముద్రానికి పోయే సందు, మలుపు దగ్గర బాగా ఇరుకు. పడవ అక్కడ తిరగదు. తిరగాలంటే మలుపింటాయన కంచె తీయాలి, వంటపాక ఒక పక్క విప్పాలి. ఆయనకూ వీళ్లకూ ఏనాడో వలల దగ్గర తగువు వచ్చింది. ఒకరి వల మీద ఇంకొకరి పడవ పోయి వల చిరిగిందట. అప్పట్నించీ మాటల్లేవు. పెళ్లికీ చావుకీ కూడా ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు లేవు.

ఈ సంగతి పడవ మొదలుపెట్టేముందు ఎవరికీ తోచలేదా అంటే, అందరికీ తోచింది. ఎవరూ పైకి అనలేదు. దుంగల మీద పడవను దొర్లించుకుంటూ మలుపు దాకా తెచ్చి, తాళ్లు వదిలేసి, అందరూ నిలబడ్డారు. అన్నగారు తల వంచుకుని పడవ అంచు మీద చెయ్యి వేసి నిలుచున్నారు. వెళ్లి అడగమని వెనకనించి ఎవరో అంటున్నా కదల్లేదు. చివరికి మామ్మగారే ముందుకు నడిచారు. ఆవిడ కంచె దగ్గరికి చేరేలోపే లోపల్నించి ఆయన వచ్చాడు, చేతిలో కత్తి. ఆయన ఎవరి మొహమూ చూడకుండా కంచె కట్లు ఒక్కొక్కటే కోసుకుంటూ పోయాడు. వంటపాక తాటాకులు ఆయన భార్యే లోపల్నించి విప్పుతోంది. పొయ్యి మీది కుండలు అప్పటికే బయట వేపచెట్టు కింద పెట్టి ఉన్నాయి. పొద్దున్నే తీసి పెట్టుకున్నారన్నమాట.

మామ్మగారు, "వంట అయ్యిందా?" అని అడిగారు.

"ఆయ్, అయ్యిందండి. మీరు పడవ కానివ్వండి," అన్నాడాయన.

ఇన్నేళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. తర్వాత ఆయన కూడా తాడు పట్టాడు.

నేనూ పట్టాను. నా ముందు వదినగారు, నా వెనక నా బడిపిల్లలు. ముందున్నాయన గొంతెత్తి ఒక మాట అంటే అందరం ఐలెస్సా అనడం, ఆ అనడంలో ఒళ్లు దానంతటదే వెనక్కి వాలడం. కాసేపటికి నేను లాగుతున్నానో, తాడే నన్ను లాగుతోందో తెలియలేదు. సరుగుడు తోపు దాటాక ఇసకదిబ్బ మీద పడవ ఒక్క క్షణం ఆగి, ముక్కు కిందికి వంచి, దానంతటదే జారింది. తాళ్లు వదిలేసి అందరం పక్కకు పరిగెత్తాం.

నీళ్ల అంచున దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టారు. పోటు వచ్చేదాకా కూర్చున్నాం. నీళ్లు మెల్లగా ముక్కు కిందికి, పొట్ట కిందికి వచ్చాయి. అన్నగారూ, ఇంకో ముగ్గురూ నడుం లోతు నీళ్లలో పట్టుకుని నిలబడ్డారు. కెరటం వచ్చి పడవను ఎత్తింది. నేను అన్ని నెలలూ దాన్ని నేల మీదే చూశాను. దాని నీడలో కూర్చున్నాను. అది ఊగడం చూసేసరికి, ఇంత పెద్ద వస్తువు ఇంత తేలిక అని అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యంగా అనిపించింది. మూడు కెరటాలు దాటి, వాటి అవతల నున్నటి నీళ్లలోకి వెళ్లి, అక్కడ తెరచాప విప్పారు. పక్కన వదినగారు పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డారు.

ఆ తర్వాత కొన్నాళ్లు చందువా, వంజరం చేపలు బాగానే పడ్డాయి. మామ్మగారూ వదినగారూ తట్టలు నెత్తిన పెట్టుకుని మలికిపురం సంతదాకా వెళ్లి వచ్చేవారు. ఆ మాసం చివర్లోనే ఆ మంచు పడింది.

పుష్యంలో మంచు మామూలే. కొబ్బరిచెట్ల తలలు కనపడవు, ఎండెక్కేసరికి విడిపోతుంది. ఆ రోజు అలా కాదు. తెల్లవారేటప్పటికి మా పెరట్లో బావి కనపడలేదు. గది తలుపు తీస్తే ఎవరో తెల్లటి దుప్పటి కట్టినట్టుంది. సముద్రం చప్పుడు ఎటునించి వస్తోందో తెలియడం లేదు. ముందునించీ, వెనకనించీ, నెత్తి మీదనించీ వస్తున్నట్టుంది. పడవలు చీకటితోనే వేటకు వెళ్లాయి. మంచు దిగడం చూసి దగ్గర్లో ఉన్నవి ఒక్కొక్కటే తిరిగి వచ్చి గట్టు పట్టాయి. అన్నగారి పడవ రాలేదు.

వదినగారు ఎప్పుడు వెళ్లారో, నేను ఒడ్డుకు వెళ్లేటప్పటికే అక్కడ ఉన్నారు. చుట్టూ మనుషుల మాటలు వినపడుతున్నాయి, మనుషులు కనపడ్డం లేదు. దగ్గరికి వస్తే మొహం ఒకటి మంచులోంచి తేలివచ్చి మళ్లీ మునిగిపోతోంది. ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని సముద్రంలోకి కేకలు వేస్తున్నారు. ఆ కేకలు నాలుగడుగులు పోయి దూదిలో పడ్డట్టు ఆగిపోతున్నాయి.

"మొగ వైపు లాగుతోందండి నీరు," అన్నాడు నా పక్కన ఎవరో. మలుపింటాయన. మొగ అంటే గోదావరి సముద్రంలో కలిసే చోటు, మా పల్లెకు పడమట. అక్కడ నీళ్ల కింద ఇసక మేటలు. పాటు తీసేటప్పుడు, అంటే పోటు నీరు వెనక్కి పోయేటప్పుడు, నది ఇటు తోస్తుంది, సముద్రం అటు తోస్తుంది. ఆ మధ్యలో పడ్డ పడవను తిప్పుకోవడం కష్టం. పగలు కళ్లు కనపడుతుంటేనే జాగ్రత్తగా పోతారు.

"గట్టు ఏ పక్కుందో తెలిస్తే వచ్చేద్దురండి. మంచులో కెరటం చప్పుడు అన్ని పక్కల్నించీ వినపడుద్ది. అదే చిక్కు," అన్నాడాయన.

నాకు అప్పుడు బడిగంట గుర్తొచ్చింది. రైలు ముఖమే చూడని ఆ పల్లెలో బడిగంట ఒక రైలు పట్టా ముక్క. ఎవరు ఎక్కణ్నించి తెచ్చారో, చూరుకు వేలాడగట్టి ఉండేది. ఇనపకమ్మీతో కొడితే సరుగుడు తోపు అవతలి పొలాల దాకా వినిపించేది.

"గంట తెద్దామండి," అన్నాను. ఇద్దరం దాదాపు తడుముకుంటూ బడికి వెళ్లాం. ఆయన దాన్ని విప్పి భుజాన వేసుకున్నాడు. ఒడ్డున మూడు తెడ్లు నిలబెట్టి, పైన కట్టి, దాన్ని వేలాడదీశారు. కమ్మీ నా చేతికిచ్చారు.

ఎలా కొట్టాలో నాకేమీ తోచలేదు. రోజూ బడి పెట్టేటప్పుడు ఎలా కొడతానో అలాగే కొట్టాను. ముందు నెమ్మదిగా, తర్వాత గబగబా, చివర్న రెండు విడివిడిగా. మళ్లీ మొదట్నించీ. కాసేపటికి కేకలన్నీ ఆగిపోయాయి. అందరూ వినడం మొదలుపెట్టారు. ఎక్కడా ఏమీ లేదు, తెల్లదనం తప్ప. ఆకాశంలో ఒకచోట సూర్యుడు వెండిబిళ్లలాగా, వేడి లేకుండా, వెలిసిపోయి ఉన్నాడు. గంట మోగి ఆగినప్పుడల్లా ఆ మోత నీళ్ల మీద ఎటో వెళ్లిపోతున్నట్టుండేది. దాని వెంట నేనూ కొంత దూరం వెళ్లి వస్తున్నట్టు అనిపించేది. ఎంతసేపు కొట్టానో తెలియదు. చేతులు మొద్దుబారిపోయాయి.

"ఇటియ్యండి," అని వదినగారు కమ్మీ అందుకున్నారు.

ఆవిడ నాలాగా కొట్టలేదు. లెక్కా లేదు, వరసా లేదు. రెండు చేతులా కమ్మీ ఎత్తి, బలమంతా పెట్టి ఒకే తీరుగా కొడుతూ పోయారు. మొహంలో ఏడుపు లేదు. మామ్మగారు కాసేపు ఊరుకోమంటే తల అడ్డంగా తిప్పారు.

మొదట విన్నది మలుపింటాయన భార్య. "ఆగండి," అంది. వదినగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దూరంగా, చెక్క మీద చెక్క కొట్టిన చప్పుడు. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. తెడ్డుతో పడవ అంచు మీద కొడుతున్నారు. వదినగారు మళ్లీ గంట కొట్టారు. మళ్లీ అటునించి జవాబు. అలా కొంతసేపు ఇటునించి ఇనుమూ అటునించి చెక్కా మాట్లాడుకున్నాయి. తర్వాత మంచులో ఒకచోట కొంచెం నల్లబడింది. ఆ నలుపుకు పసుపు రంగు వచ్చింది. దాని మీద బొట్లు కనపడ్డాయి. పడవ ముక్కు మా ఎదురుగా, ఎంతో ఎత్తునించి దిగుతున్నట్టు, చప్పుడు లేకుండా వచ్చింది.

మనుషులంతా నీళ్లలోకి పరిగెత్తారు. వదినగారు కమ్మీని ఇసకలో పెట్టి, దాని పక్కనే కూర్చుండిపోయారు. అన్నగారు తడిబట్టలతో వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు.

"వల కోసేసేమే. లాగడానికి టైము లేదు," అన్నారు.

"పోనీ," అన్నారు వదినగారు.

ఆ మధ్యాహ్నం మంచు విడిపోయి, ఏమీ జరగనట్టు నీలాకాశంలో ఎండ కాసింది. నేను బడి పెట్టాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని అన్నగారు చెప్పారు. రెండు పక్కలా కెరటాలు విరుగుతున్న చప్పుడు వినపడుతుంటే మొగలోకి వచ్చేశామనుకున్నారట. ఎటు తిప్పాలో తెలియలేదు. అప్పుడు ముక్కు దగ్గర కూర్చున్నాయన, ఇద్దరు పిల్లల్ని నా బడికి పంపేవాడు, "ఒరే, బడి పెట్టేరు," అన్నాడట, అదేదో రోజూ ఉండే సంగతే అన్నట్టు. అప్పుడు మిగిలినవాళ్లకీ వినిపించింది.

"కాసేపటికి గంట మారిందండి," అన్నారు అన్నగారు. "పంతులమ్మగారు అలిసిపోయేరు, ఇంక ఆగిపోద్దేమోనని భయమేసింది. తరవాత తెలిసింది కొట్టేది మా ఆవిడని."

"ఎలా తెలిసింది?" అన్నారు వదినగారు లోపల్నించి.

"పిండి అలాగే దంచుతావు కదా."

మామ్మగారు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వదినగారు బయటికి వచ్చి, అందరికీ కంచాలు పెట్టారు. మలుపింటి నించి ఆరోజు పీతల కూర వచ్చింది.

నేను అక్కడ మరో మూడేళ్లు ఉన్నాను. ఎనభైల్లో నన్ను అమలాపురం వైపు బదిలీ చేశారు. అప్పటికి వదినగారికి ఒక పాప. నేను బస్సుకు వెళ్లాలని సామాను కట్టుకుంటుంటే అన్నగారు వచ్చి, "బస్సెందుకండి. సఖినేటిపల్లి రేవుకి మనమే పోదాం. గాలి బాగుంది," అన్నారు. సముద్రంలోంచి చుట్టూ తిరిగి, పోటుతో పాటు మొగలోంచి గోదావరిలోకి వెళ్లడం. నేను ఒక్క క్షణం భయపడ్డాను. ఒడ్డున మామ్మగారు పాపను వదినగారి చేతికి అందిస్తూ, "నువ్వూ వెళ్లు. పంతులమ్మగారికి తోడు," అన్నారు. అంత చిన్న మాటగా అనేశారు. వదినగారు ఇంకోసారి అడగలేదు. చీర ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగి, పడవ ఎక్కేశారు.

కెరటాలు దాటేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి హోరు లేదు. అన్నేళ్లుగా నా చెవుల్లో ఉన్నది సముద్రం చప్పుడు కాదనీ, ఒడ్డు చప్పుడనీ అప్పుడు తెలిసింది. సముద్రం మీద ఏ చప్పుడూ లేదు. తెరచాప అప్పుడప్పుడు ఊపిరి తీసినట్టు నిండేది. మా పల్లె, కొబ్బరితోటలు, అన్నీ కలిసి సన్నటి ఆకుపచ్చ గీత. వదినగారు పడవ అడుగున చాప వేసి, పాపను పొట్ట మీద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నారు. కాసేపటికి ఇద్దరూ నిద్రపోయారు. అన్నగారు చుక్కాని పట్టుకుని వాళ్లకేసి చూసి, తెరచాపను వాళ్ల మీద నీడ పడేలా కొంచెం తిప్పారు.

నీలం నీళ్లు ఎక్కడో పచ్చబడి, తర్వాత మట్టిరంగుకు తిరిగాయి. గోదావరి గాలి తగిలింది. మొగ దాటామని అన్నగారు చెబితేగాని నాకు తెలియలేదు. రేవులో దిగి, సామాను బస్సు మీద వేయించుకుని, వాళ్లకు చెయ్యి ఊపాను. బస్సు కదిలింది. రాజోలు దాకా నా కింద సీటు మెల్లగా లేచి దిగుతూనే ఉంది. ఇంటికి వెళ్లి మంచం మీద పడుకున్నా ఆ ఊపు ఆగలేదు. అమ్మ వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందని చెప్పి, అలాగే ఊగుతూ నిద్రపోయాను.